నల్లతెరా? ఫోల్డర్ బొమ్మా?

బాపట్ల నుంచి జూనియర్లు ఫోన్ చేస్తే ఎక్కువగా అడిగేది ఇదే: "అన్నా, మౌస్‌తో లాగితే పోయే పనికి ఆ నల్లతెర మీద టైపింగ్ ఎందుకు?"

అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే మీరు రాసిన కోడ్ చివరికి నడిచేది మీ ల్యాప్‌టాప్‌లో కాదు, ఎక్కడో ఉన్న లినక్స్ సర్వర్‌లో. చాలా సర్వర్లలో అసలు డెస్క్‌టాపే పెట్టరు. ఫోల్డర్ బొమ్మ లేదు, రీసైకిల్ బిన్ లేదు. ఉద్యోగంలో చేరాక ఈ సంగతి తెలిస్తే చెమటలు పడతాయి.

ఎల్ఎస్, సీపీ, ఎంవీ, ఆర్ఎం... ఈ పొట్టి కమాండ్లు 1971 నాటి యునిక్స్ మాన్యువల్‌లోనే ఉన్నాయి. ఫోల్డర్ బొమ్మలు, మౌస్‌తో జిరాక్స్ స్టార్ కంప్యూటర్ మార్కెట్లోకి వచ్చింది 1981లో. బాపట్ల ఇంజినీరింగ్ కాలేజీ పెట్టిందీ ఆ ఏడాదే! అంటే నల్లతెర పదేళ్లు పెద్దది.

తెనాలి–రేపల్లె ప్యాసింజర్‌లో కూర్చుని సర్వర్ చూడాల్సి వచ్చిందనుకోండి. సిగ్నల్ ఒక్క గీత. రిమోట్ డెస్క్‌టాప్ అయితే తెర మొత్తం బొమ్మగా రావాలి కాబట్టి అలా తిరుగుతూనే ఉంటుంది. ఎస్ఎస్‌హెచ్‌లో వచ్చీపోయేవి అక్షరాలే. వేమూరు దాటేలోపు పాత లాగ్ ఫైళ్లన్నీ వేరే ఫోల్డర్‌లోకి తోసేయొచ్చు.

అలాగని మౌస్ పట్టినవాడిని చూసి నవ్వేవాళ్లంటే నాకు పడదు. తెనాలిలో మా బావ పెళ్లి ఫొటోలు తీస్తాడు. రెండు వేల ఫొటోల్లో కళ్లు మూసుకున్నవి ఏరాలంటే బొమ్మలు చూడాల్సిందే. ఏరాక వాటికి వరసగా పేర్లు పెట్టడానికి మాత్రం ఒక్క లైను కమాండ్ చాలు.

ఇంకో చిక్కు మన తెలుగుతోనే. అదే రైలు దారిలో భట్టిప్రోలు వస్తుంది. 1892లో అక్కడి స్తూపం తవ్వకాల్లో బ్రాహ్మీ అక్షరాలు చెక్కిన ధాతు పేటికలు బయటపడ్డాయి. అంత పాత రాతలున్న ఊరు దాటుతూ 'లక్ష్మి పెళ్లి' అనే ఫోల్డర్‌ని నల్లతెర మీద చూడండి, వత్తులు ఒకచోట, గుడులు ఒకచోట! చాలా టెర్మినళ్లు తెరను సమానమైన గళ్లుగా కోసి గడికో అక్షరం పెడతాయి. మన 'క్ష్మి' అందులో ఇమడదు. ఫైలుకేం కాదు, కనిపించే తీరే పాడు. పైగా ఆ పేరు మధ్యలో ఖాళీ ఉంది కదా, కోట్స్ పెట్టకపోతే కమాండ్ దాన్ని రెండు పేర్లనుకుంటుంది.

ఖాళీ అంటే గుర్తొచ్చింది. నా రూమ్మేట్ ఒకడు అర్ధరాత్రి, పాత కాపీలు తీసేద్దామని ఫోల్డర్లతో సహా తుడిచే ఆర్ఎం కొట్టాడు. స్టార్ గుర్తుకు ముందు వేలు జారి స్పేస్ పడింది. నాలుగు నెలల ప్రాజెక్టు ఒక్క సెకనులో ఖాళీ. తెల్లారితే రివ్యూ. కోడ్ గిట్‌హబ్‌లో ఉంది కాబట్టి బతికాడు. రిపోర్టు మాత్రం రాత్రంతా కూర్చుని మళ్లీ రాశాడు.

అందుకే నేను జూనియర్లకు చెప్పేది: తుడిచే ముందు అదే పేరు ఎల్ఎస్‌కి ఇచ్చి చూడు. ఏ ఫైళ్లు కనిపిస్తాయో అవే పోతాయి. ఆర్ఎం పక్కన హైఫన్ ఐ పెడితే ప్రతి ఫైలుకీ అడిగి తుడుస్తుంది. విసుగే, పెట్టుకో.

ల్యాప్‌టాప్ లేదా? ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ వేసుకోండి. ఒక ఫోల్డర్ చేసి, టచ్ కమాండ్‌తో పది ఖాళీ ఫైళ్లు పుట్టించి, వాటినే జరపండి, పేర్లు మార్చండి, తుడవండి. స్టోరేజ్ పర్మిషన్ మాత్రం అప్పుడే ఇవ్వకండి. అది ఇవ్వనంత వరకు మీ ఫొటోలు దాని చేతికి అందవు.