యాభై అంతస్తుల కచేరీ

మన పెద్దవాళ్ళు సర్కారు ఆఫీసును కచేరీ అనేవారు. తాలూకా కచేరీ, కలెక్టరు కచేరీ. ఇప్పుడు ఆ మాట చాలావరకు పోయింది. మాట పోయినా భయం మాత్రం కొంత మిగిలే ఉంది. పెద్ద గేటు, ఎత్తయిన మెట్లు, పొడుగాటి వరండా, వరసగా గదులు. లోపలికి వెళ్ళాలంటే కాళ్ళు వెనక్కి లాగుతాయి.

మన రాష్ట్రంలో అలాంటి కచేరీలన్నిటికంటే పెద్దది అమరావతిలో కడుతున్నారు. అది రాష్ట్ర సచివాలయం. ఒక మేడ కాదు, ఐదు మేడలు. వాటిలో ఒకటి దగ్గర దగ్గర యాభై అంతస్తులది. మిగిలిన నాలుగూ ఒక్కొక్కటి నలభై అంతస్తులకు దగ్గరగా ఉంటాయి. ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో మీరు ఆరంతస్తుల అపార్టుమెంటు చూసే ఉంటారు. అలాంటివి ఎనిమిది తెచ్చి ఒకదాని మీద ఒకటి పెట్టండి. అదీ ఆ పెద్ద మేడ ఎత్తు.

ఇంత పెద్ద ఇల్లు ఎవరి కోసం? అందులో ఏం చేస్తారు? అది ఎలా నిలబడుతుంది?

జీవో పుట్టే చోటు

గ్రామ సచివాలయం అందరికీ తెలుసు. సుమారు రెండు వేల జనాభాకు ఒకటి చొప్పున 2019 అక్టోబరు 2 నుంచి అవి వచ్చాయి. ఊరి పైన మండలం. మండలం పైన జిల్లా. జిల్లాకు కలెక్టరు. ఆ పైన రాష్ట్ర సచివాలయం. అక్కడ ముఖ్యమంత్రి, మంత్రులు, వాళ్ళ కింద పనిచేసే కార్యదర్శులు ఉంటారు.

జిల్లా గీతలు గీసేది కూడా అక్కడే. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది. అప్పటి నుంచి దానికి ఏలూరే ముఖ్యపట్టణం. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో ఉన్న 13 జిల్లాలను 26 చేశారు. అప్పుడు తాడేపల్లిగూడెం వాళ్ళ కలెక్టరాఫీసు ఏలూరు నుంచి భీమవరం మారింది. కైకలూరు వాళ్ళు అంతకుముందు మచిలీపట్నం వెళ్ళేవారు. వాళ్ళను ఏలూరు జిల్లాలో కలిపారు. ఎక్కిన బస్సు మారింది, దిగే ఊరు మారింది. మార్చింది ఒక కాగితం.

ఆ కాగితాన్ని జీవో అంటారు. అంటే ప్రభుత్వ ఉత్తర్వు. ప్రతి జీవోకు ఒక నంబరు, ఒక తేదీ ఉంటాయి. కొల్లేరు వాళ్ళకు 120వ నంబరు జీవో సంగతి వేరే చెప్పాలా? 1999 అక్టోబరు 4న అది వచ్చింది. కొల్లేరులో ఐదో కాంటూరు లోపలి భాగాన్ని, అంటే 308 చదరపు కిలోమీటర్లను, పక్షుల కోసం, జీవాల కోసం అభయారణ్యంగా ప్రకటించింది. సముద్రమట్టం మీద ఐదడుగుల ఎత్తు దాకా ఉన్న నేలంతా ఆ గీత లోపలికి వస్తుంది. 2006లో ఆ గీత లోపలున్న చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. కొల్లేటికి కొంత ఊపిరి వచ్చింది. ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలగడం కష్టమైంది. ఆ మంచిచెడ్డల మీద వాదన ఇప్పటికీ ఆగలేదు.

ఆ జీవో పుట్టింది హైదరాబాదులో, హుస్సేన్ సాగర్ పక్కనున్న పాత సచివాలయంలో. ఏలూరు నుంచి మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరం. కొల్లేటి లంకల్లోని ఆడవాళ్ళలో ఎంతమంది ఆ మేడ చూసి ఉంటారు? మేడను మనం చూడకపోయినా, మేడ మన చెరువు గట్టు దాకా రాగలదు. అందుకే దాని సంగతి తెలుసుకోవడం.

ఇప్పుడున్నది ఏది?

2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. హైదరాబాదు తెలంగాణకు రాజధాని. మన రాష్ట్రానికి అమరావతిని ఎంచుకున్నారు. 2016లో అక్కడ వెలగపూడి అనే ఊళ్ళో తాత్కాలిక సచివాలయం కట్టారు. నెలల్లోనే కట్టేశారు. అవి ఎత్తు తక్కువ మేడలు, బ్లాకులు బ్లాకులుగా ఉంటాయి. పక్కనే శాసనసభ. ఏలూరు నుంచి విజయవాడ 60 కిలోమీటర్లు. అక్కడ కృష్ణ దాటి ఇంకా కాస్త వెళ్తే వెలగపూడి.

అక్కడ చోటు చాలదు. మంత్రులూ కార్యదర్శులూ వెలగపూడిలో ఉంటే, చాలా శాఖల పెద్ద ఆఫీసులు విజయవాడలోనో, గుంటూరులోనో, ఆ చుట్టుపక్కల అద్దె భవనాల్లోనో సర్దుకున్నాయి. ఒక ఫైలు ఈ గది నుంచి ఆ గదికి పోవడానికి కారెక్కాలి. అద్దె సంగతి సరేసరి. అన్నీ ఒక్కచోట ఉండాలని ఐదు మేడల ఆలోచన వచ్చింది. పెద్ద మేడ సాధారణ పరిపాలన శాఖది. ముఖ్యమంత్రి ఆఫీసు అందులోనే. దాని నెత్తిన హెలికాప్టరు దిగే చోటు కూడా అనుకున్నారు. మిగిలిన నాలుగు మేడల్లో మిగతా శాఖలు.

158 ఎకరాల గచ్చు

ఐదు మేడల్లో అంతస్తులన్నీ కలిపి సుమారు 69 లక్షల చదరపు అడుగులు. ఈ లెక్క వినడానికి పెద్దగానే ఉంటుంది కానీ కంటికి ఆనదు. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న ఒక గచ్చు పలక అనుకోండి. అది ఒక చదరపు అడుగు. అలాంటి పలకలు 43,560 పరిస్తే ఒక ఎకరం. ఇక లెక్క కట్టండి. ఆ మేడల్లోని గచ్చు అంతా విప్పి నేల మీద పరిస్తే సుమారు 158 ఎకరాలు వస్తుంది. పది ఎకరాల చేపల చెరువులు పదహారు పక్కపక్కన ఉన్నట్టు.

అమెరికాలో పెంటగాన్ అని ఒక ప్రభుత్వ కార్యాలయం ఉంది. అది వాళ్ళ సైన్యం ఆఫీసు. ఐదు మూలలుంటాయి, ఎత్తు మాత్రం ఐదంతస్తులే. దాని గచ్చు సుమారు 65 లక్షల చదరపు అడుగులు. అంటే దరిదాపు మన మేడలంతే. ఎత్తు తక్కువ కాబట్టి అది అడ్డంగా పరుచుకుంది. లోపలి వరండాలన్నీ కలిపితే 28 కిలోమీటర్లు! 1941లో మొదలుపెట్టి 1943లో ముగించారు. అప్పుడు యుద్ధం జరుగుతోంది. ఉక్కు అంతా ఓడలకూ ఫిరంగులకూ కావాలి. అందుకని లిఫ్టులు తగ్గించి, నడిచి ఎక్కే వాలుదారులు కట్టారు.

పెంటగాన్ గురించి ఇంకో సంగతి. అది ఉన్న రాష్ట్రంలో అప్పట్లో నల్లవాళ్ళకూ తెల్లవాళ్ళకూ వేరు వేరు మరుగుదొడ్లు ఉండాలని చట్టం. దాంతో అవసరానికి రెట్టింపు మరుగుదొడ్లు కట్టారు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మాత్రం ఆ వేరు బోర్డులు పెట్టనివ్వలేదు. బోర్డులు రాలేదు, గదులు మిగిలాయి. ఎంత పెద్ద కచేరీ అయినా, అది కట్టిన కాలం బుద్ధి దాని గోడల్లో కనిపిస్తుంది.

వల లాంటి గోడ

అమరావతి మేడల నమూనా గీసింది లండనులోని ఫోస్టర్ అండ్ పార్ట్‌నర్స్ అనే సంస్థ. మామూలు ఇంటికి నిట్టనిలువు స్తంభాలుంటాయి. వాటి మీద దూలాలు, దూలాల మీద శ్లాబు. ఈ మేడలకు వెలుపలి వైపున స్తంభాలు ఏటవాలుగా ఉంటాయి. ఒకటి కుడికి వాలితే ఒకటి ఎడమకు వాలి, రెండూ ముడిపడతాయి. దూరం నుంచి చూస్తే మేడకు వల చుట్టినట్టు ఉంటుంది. వల కన్ను ఎలా ఉంటుందో అలాంటి ఆకారమే. ఇంజనీర్లు దీన్ని డయాగ్రిడ్ అంటారు.

ఇది సోకు కోసం మాత్రమే కాదు. రెండు వెదురు బద్దల్ని నిలువుగా పాతి పక్కకు తోయండి, ఒరుగుతాయి. వాటికి ఏటవాలుగా ఇంకో బద్ద కట్టండి, కదలవు. దడి కట్టే వాళ్ళకు ఈ కిటుకు కొత్త కాదు. ఎత్తయిన మేడకు గాలే పెద్ద శత్రువు. మన కోస్తాలో తుఫాను గాలి సంగతి చెప్పక్కర్లేదు. ఏటవాలు స్తంభాల వల ఆ తోపుడును పంచుకుని నేలకు దించుతుంది. గదుల మధ్య స్తంభాల అడ్డం కూడా తగ్గుతుంది.

హైదరాబాదులో తెలంగాణ ప్రభుత్వం కట్టిన కొత్త సచివాలయం వేరే తీరుది. 2023 ఏప్రిల్ 30న దాన్ని ప్రారంభించారు. ఎత్తు 265 అడుగులు. పైన గుమ్మటాలు. కోటలనూ గుళ్ళనూ చూసినట్టు ఉంటుంది.

తెప్ప పునాది

అసలు కష్టం అంతా కింద ఉంది. అమరావతి నేల పై పొర నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. అలాంటి నేల మీద యాభై అంతస్తులు నిలబెట్టలేం. అందుకని లోతుగా గొయ్యి తవ్వారు. అడుగున తెప్ప పునాది వేశారు.

దమ్ము చేసిన చేలో కాలు పెడితే పిక్క దాకా దిగుతుంది. అదే ఒక వెడల్పు పలక వేసి దాని మీద నిలబడితే దిగబడదు. మనిషి బరువు తగ్గలేదు. ఆ బరువు పలకంతా పరుచుకుంది, అంతే. తెప్ప పునాది కూడా అలాంటిదే. మేడ కింద అంతటా ఒకటే పలక, కాంక్రీటుతో. దాని మందం రెండు నిలువుల పైమాటే. పెంటగాన్‌ది కూడా చిత్తడి నేలే. అక్కడ వేరే ఉపాయం చేశారు. నలభై వేలకు పైగా కాంక్రీటు గుంజలు నేలలోకి దించారు.

అమరావతిలో తెప్పలు పోయడం 2018 డిసెంబరులో మొదలైంది. ఒక్క మేడ తెప్పకే సుమారు 11 వేల ఘనపు మీటర్ల కాంక్రీటు. రాత్రీ పగలూ ఆపకుండా పోశారు. ఆపకూడదు కూడా. మధ్యలో ఆపితే పోసింది గట్టిపడుతుంది. దాని మీద కొత్తది పోస్తే రెండూ సరిగా అతకవు. అతకని చోట నీరు చేరుతుంది. సిమెంటు గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. అంత మందం పలకలో ఆ వేడి లోపలే ఉండిపోతే పగుళ్ళు వస్తాయి. అందుకే ఇలాంటి పెద్ద పనుల్లో కాంక్రీటులో ఐసు కలుపుతారు. ఆకివీడు చేపల పెట్టెల్లో వేసే ఐసు లాంటిదే.

2019లో ప్రభుత్వం మారింది. పని ఆగింది. లోతు గోతులు కదా, వాన నీరు, ఊట నీరు చేరి చెరువులయ్యాయి. ఇనుప చువ్వలు నీళ్ళలోంచి పైకి పొడుచుకుని నిలబడ్డాయి. ఐదేళ్ళు అలాగే ఉన్నాయి. 2024 ఆగస్టులో మద్రాసు ఐఐటీ నిపుణులు వచ్చారు. పునాది చూడడానికి వాళ్ళు పడవెక్కి వెళ్ళాల్సి వచ్చింది.

నీళ్ళలో నానితే పునాది పాడవదా అని అడగాల్సిందే. గట్టిపడిన మంచి కాంక్రీటుకు నీటి వల్ల పెద్ద హాని లేదు. వంతెన కాళ్ళు ఏళ్ళ తరబడి నీళ్ళలోనే ఉంటాయి. భయం చువ్వలకు. నీరూ గాలీ రెండూ తగిలే చోట ఇనుము బాగా తుప్పు పడుతుంది. అందుకే నిపుణులు చువ్వలను, కాంక్రీటును పరీక్షించారు. తర్వాత ఆ పునాదుల మీదే కట్టాలని నిర్ణయించారు. నీళ్ళు తోడించారు. 2025 మే 2న ప్రధానమంత్రి చేతుల మీదుగా అమరావతి పనులు మళ్ళీ మొదలయ్యాయి.

ఖర్చు ఎవరిది?

వేల కోట్ల రూపాయల పని ఇది. రాజధాని కోసం 2024 డిసెంబరులో ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు అప్పు మంజూరు చేశాయి. డ్వాక్రా గ్రూపులో ఉన్నవాళ్ళకు అప్పు అంటే ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు. వాయిదా ఉంటుంది, వడ్డీ ఉంటుంది. ఆగిన పనికి రేటు పెరుగుతుందని సొంత ఇల్లు కట్టుకున్న వాళ్ళందరికీ తెలుసు. ఐదేళ్ళు నీళ్ళలో ఉన్నది పునాది ఒక్కటే కాదు, డబ్బు కూడా.

నేల సంగతి కూడా చెప్పుకోవాలి. రాజధాని కోసం 29 ఊళ్ళ రైతులు సుమారు 34 వేల ఎకరాలు ఇచ్చారు. మంచి పంట భూములు. అరటి, కూరగాయలు, పూలు పండేవి. భూమి ఇచ్చిన వాళ్ళకు కౌలూ, ఇళ్ళస్థలాలూ ఒప్పుకున్నారు. ఆ పొలాల్లో కూలికి వెళ్ళే ఆడవాళ్ళ పేరు మీద పట్టా లేదు. భూమి లేని కుటుంబాలకు మొదట నెలకు 2,500 రూపాయల పింఛను పెట్టారు. ఏడాది పొడుగునా కలుపు, కోత దొరికే చోట అది ఎంతవరకు చాలుతుందో కూలికెళ్ళే వాళ్ళే చెప్పాలి.

లోపలికి వెళ్తే

మనలో చాలామంది ఆ మేడ దాకా వెళ్ళాల్సిన పని పడదు. పడకూడదు కూడా. పింఛను, రేషను, సర్టిఫికెట్టు లాంటివి ఊళ్ళోనో మండలంలోనో తేలాలి. అక్కడ తేలకపోతే సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ ఇవ్వొచ్చు. అర్జీ ఇస్తే రసీదు అడగాలి. రసీదు మీద నంబరు చదువుకోవాలి.

అయినా ఒకరోజు వెళ్ళాల్సి రావచ్చు. కలిదిండి నుంచి తెల్లారగట్ల బస్సెక్కి వెళ్ళిన మనిషి ముందు చూసేది వల లాంటి గోడను కాదు. మరుగుదొడ్డి ఎక్కడ, మంచినీళ్ళు ఎక్కడ, కూర్చునే చోటు ఎక్కడ అని చూస్తుంది. తర్వాత తన శాఖ ఎన్నో అంతస్తులో ఉందో బోర్డు మీద వెతుక్కుంటుంది. ఆ బోర్డు తెలుగులో, పెద్ద అక్షరాల్లో, కంటికి ఎదురుగా ఉండాలి. మేడ నమూనా లండనులో గీశారు. బోర్డుకు అంత దూరం పోనక్కర్లేదు. యాభై అంతస్తులు మెట్లెక్కి ఎవరూ పోలేరు కాబట్టి లిఫ్టే దారి. లిఫ్టు లోపల గుండీలుంటాయి, వాటి మీద అంకెలుంటాయి. 23 కావాలంటే 23 నొక్కాలి. తలుపు తెరుచుకున్నాక గోడ మీద అంకె ఇంకోసారి చూసుకుని దిగాలి.