వాహనంలో తుపాకి, దాని మీద నీటిబొట్టు

ఇనుము తుప్పు పట్టడానికి నీరు కావాలి, ఆక్సిజన్ కావాలి. ఇంతవరకు బడి పుస్తకాల్లో ఉన్నదే. రైఫిల్ గొట్టం ఎంత మేలైన ఉక్కుతో చేసినా అందులో అత్యధిక భాగం ఇనుమే కనుక ఆ నియమం దానికీ వర్తిస్తుంది. చిక్కు ఎక్కడంటే, వాహనంలో ఉంచిన తుపాకికి ఒక్క వానచినుకు కూడా తగలదు. పెట్టె మూసి ఉంటుంది, డిక్కీకి తాళం ఉంటుంది, గొట్టానికి నూనె కూడా రాసి ఉంటుంది. అయినా వానాకాలంలో కొద్ది రోజులకే దాని మీద ఎర్రటి చుక్కలు లేస్తాయి. ఆ నీరు ఎక్కడిది? నూనె ఎందుకు ఆపలేకపోయింది?

హైదరాబాద్ దక్షిణపు అంచున జల్‌పల్లి, బాలాపూర్, ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఈ ప్రశ్నలు ఊరికే పుట్టినవి కావు. ఇబ్రహీంపట్నంలో జాతీయ భద్రతా దళం ప్రాంతీయ కేంద్రం ఉంది. పోలీసు వాహనాల్లో రైఫిళ్లు, బ్యాంకుల నగదు వ్యాన్లలో కాపలాదారుల డబుల్ బ్యారెల్ తుపాకులు రోజూ తిరుగుతూనే ఉంటాయి. సముద్రం ఇక్కడికి చాలా దూరం. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో గాలి పొడిగా ఉంటుంది. ఆగస్టు వేకువజామున మాత్రం గాలిలో సాపేక్ష తేమ 80 శాతం దాటడం మామూలే. తుప్పుకు అది చాలు.

గాలిని చల్లబరిస్తే ఒక దశలో అందులోని ఆవిరి నీరుగా మారుతుంది. ఆ ఉష్ణోగ్రతే తుషార బిందువు. బయట 28 డిగ్రీలు, తేమ 85 శాతం ఉన్న రోజున తుషార బిందువు 25 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఏసీ వేసిన వాహనంలో 22 డిగ్రీలకు చల్లబడిన తుపాకిని బయటికి తీస్తే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద చేరినట్టే దాని మీద నీరు చేరుతుంది. గొట్టం లోపలి గోడ మీద చేరిన నీరు కంటికి కనబడదు, త్వరగా ఆరదు.

ఆపి ఉంచిన వాహనంలో జరిగేది ఇంతకంటే తమాషాగా ఉంటుంది. చాలామంది చలిరాత్రినే తప్పుపడతారు. రాత్రి చల్లదనం ఒక కారణం మాత్రమే, అసలు గండం పొద్దెక్కాక మొదలవుతుంది. ఎండకు వాహనం పైకప్పు, సీట్లు, లోపలి గాలి త్వరగా వేడెక్కుతాయి. తడి మ్యాట్లలో, సీటు గుడ్డల్లో ఇంకిన నీరు ఆవిరై ఆ గాలిలో కలుస్తుంది. మందపాటి ఉక్కు గొట్టం మాత్రం రాత్రి చల్లదనాన్ని చాలాసేపు వదలదు. చుట్టూ వెచ్చని తడిగాలి, మధ్యలో చల్లని లోహం. ఆవిరి నీరుగా మారేది ఆ లోహం మీదే.

లోహం మీద నీటిబొట్లు చేరకపోయినా ప్రమాదం ఉంటుందని 1930ల్లో బ్రిటిష్ శాస్త్రవేత్త వెర్నన్ తేల్చాడు. శుభ్రమైన గాలిలో తేమ ఎంత పెంచినా ఆయన ఇనుప పలకలు పెద్దగా చెడలేదు. అదే గాలికి రవ్వంత సల్ఫర్ డయాక్సైడ్ కలిపితే, తేమ 60 శాతం దగ్గరికి రాగానే తుప్పు ఒక్కసారిగా ఊపందుకుంది. అంటే తేమ కొద్దికొద్దిగా పెరిగితే తుప్పూ అలాగే కొద్దికొద్దిగా పెరగదు. ఒక గడప దాటగానే, కంటికి కనబడనంత పలుచని నీటిపొర రసాయన చర్యకు సరిపోయేంత మందమవుతుంది.

ఆ పొరలో జరిగేదాన్ని అర్థం చేసుకోవడానికి రసాయన శాస్త్రానికి చాలా ఏళ్లు పట్టింది. తుప్పుకు మూలం కార్బానిక్ ఆమ్లమని, అంటే నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడేనని, 1871లో మాంచెస్టర్ రసాయనికుడు క్రేస్ కాల్వర్ట్ వాదించాడు. 1906లో కూడా రసాయనికుడు జెరాల్డ్ మూడీ ఆ వాదాన్నే బలపరిచాడు. వాళ్లను దారి తప్పించినది ఒక అర్ధసత్యం. కార్బన్ డయాక్సైడ్ కరిగిన నీటిలో తుప్పు వేగం నిజంగానే పెరుగుతుంది. కానీ అది లేకపోయినా తుప్పు ఆగదు. ఇది విద్యుత్ రసాయన చర్య అని అమెరికా రసాయనికుడు విల్లిస్ విట్నీ 1903లోనే చెప్పాడు. ఆ మాట అందరికీ రుచించడానికి చాలాకాలం పట్టింది.

దాన్ని కళ్లకు కట్టినట్టు చూపినవాడు కేంబ్రిడ్జిలో పనిచేసిన యూలిక్ ఇవాన్స్. 1920ల్లో ఆయన చేసిన ప్రయోగానికి కావలసింది నున్నటి ఇనుప రేకు, దాని మీద ఒక ఉప్పునీటి బొట్టు. ఆ నీటిలో రెండు సూచకాలు కలుపుతారు. ఇనుము కరిగిన చోట పొటాషియం ఫెర్రిసయనైడ్ నీలంగా మారుతుంది. క్షారం పుట్టిన చోట ఫినాల్ఫ్తలీన్ గులాబి రంగు తేలుతుంది. కాసేపటికి బొట్టు నడిమి భాగం నీలమవుతుంది, అంచు చుట్టూ గులాబి వలయం ఏర్పడుతుంది, ఆ రెంటి మధ్య గోధుమరంగు తుప్పు పేరుకుంటుంది.

బొట్టు అంచు పలుచన కాబట్టి గాలిలోని ఆక్సిజన్ అక్కడ లోహాన్ని సులువుగా చేరుతుంది. నడుమ నీటి మందం ఎక్కువ, ఆక్సిజన్ తక్కువ. నడుమ ఇనుము పరమాణువులు ఎలక్ట్రాన్లను వదిలి అయాన్లుగా నీటిలోకి దిగుతాయి. ఆ ఎలక్ట్రాన్లు లోహం గుండా అంచుకు ప్రవహిస్తాయి. అక్కడ ఆక్సిజన్, నీరు వాటిని అందుకుని హైడ్రాక్సైడ్ అయాన్లవుతాయి. నడుమ నుంచి వచ్చే ఇనుము, అంచు నుంచి వచ్చే హైడ్రాక్సైడ్ దారిలో కలుసుకున్న చోట, మరింత ఆక్సిజన్ తోడై తుప్పు పుడుతుంది. బొట్టంత జాగాలో పూర్తి విద్యుత్ వలయం నడుస్తున్నదన్నమాట.

ఇందులోని వింత ఏమిటంటే, ఆక్సిజన్ లేనిదే తుప్పు లేదు, కానీ లోహాన్ని తినేది ఆక్సిజన్ కొరవడిన చోటే. తుప్పు కనిపించే చోటు ఒకటి, గుంట పడే చోటు మరొకటి. తుపాకికి బెల్టు ఆనే చోట, స్పాంజి పెట్టెలో గొట్టం ఒదిగే చోట, చెక్క పిడి కింద, స్క్రూ తలల కింద గుంటలు పడటానికి కారణం ఇదే. గాలి ఆడని ఆ సందుల్లో నీరు చేరితే, అక్కడి లోహం బొట్టు నడిమి భాగంలోలాగే కరిగిపోతుంది. దాచిన చోటు భద్రమన్న నమ్మకాన్ని ఈ ఒక్క ప్రయోగం కొట్టేస్తుంది.

ఇవాన్స్ బొట్టులో ఉప్పు పాత్ర కూడా తక్కువది కాదు. నీటిలో విద్యుత్తు సాఫీగా ప్రవహించేలా చేసేది అదే. తుపాకుల చరిత్రలో ఒక పెద్ద పొరపాటు దీని చుట్టూనే జరిగింది. పొగరాని మందు వాడుకలోకి వచ్చాక, కాల్చి శుభ్రం చేసిన గొట్టాలు కూడా తర్వాత తుప్పు పట్టేవి. మందు అవశేషాల్లోని ఆమ్లమే కారణమని ఎంతోమంది నమ్మారు. 1922లో అమెరికా గనుల శాఖ కోసం విల్బర్ట్ హఫ్ చేసిన పరిశోధన ఆ నమ్మకాన్ని తలకిందులు చేసింది. దోషి తూటా అడుగున ఉండే ప్రైమర్. అందులోని పొటాషియం క్లోరేట్ మండి పొటాషియం క్లోరైడ్ అనే లవణంగా గొట్టమంతా పరుచుకుంటుంది. సాపేక్ష తేమ 84 శాతం దాటితే ఈ లవణం గాలిలోని ఆవిరిని పీల్చి తనంతట తానే ద్రవమవుతుంది. మంచు పడనక్కర లేదు, ఆగస్టు వేకువ గాలి చాలు.

నూనె ఎందుకు ఓడిపోతుందో ఇక్కడ తేలిపోతుంది. ఖనిజ నూనెలో లవణం కరగదు. కాబట్టి నూనె గుడ్డతో ఎంత తుడిచినా ఉప్పు గొట్టంలోనే మిగులుతుంది. పైగా పలుచని నూనె పొరను దాటి ఆక్సిజన్, నీటి ఆవిరి మెల్లగా లోపలికి పోగలవు. .303 రైఫిల్ రోజుల్లో బ్రిటిష్ సైనికులు కాల్పులయ్యాక గొట్టంలో మరిగే నీళ్లు పోసేవారు. తుప్పు వదిలించడానికి నీళ్లు పోయడం పిచ్చిపనిలా తోస్తుంది గానీ ఉప్పును కరిగించేది నీరే. వేడెక్కిన గొట్టం త్వరగా ఆరుతుంది కూడా. 1928లో జర్మనీలో సైనాక్సిడ్ అనే, పొటాషియం క్లోరేట్ లేని ప్రైమర్ వచ్చాక ఆ బెడద క్రమంగా తగ్గింది. వేలిముద్రల్లోని చెమట ఉప్పు మాత్రం ఇప్పటికీ ఉంది. సోడియం క్లోరైడ్ 75 శాతం తేమకే ద్రవమవుతుంది.

తుపాకి నల్లదనం పెయింటు కాదు. ఉక్కు మీద పుట్టించిన మాగ్నటైట్ పొర లేదా ఫాస్ఫేట్ స్ఫటికాల పొర అది. రెంటిలోనూ సూక్ష్మరంధ్రాలుంటాయి. వాటి అసలు పని నూనెను పట్టి ఉంచడం. స్టెయిన్‌లెస్ స్టీల్ పుట్టుకకూ తుపాకికీ సంబంధం ఉంది. 1912లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ వెతికింది కాల్పుల వేడికి అరగని రైఫిల్ గొట్టాల ఉక్కును. మరుసటి ఏడాది చేతికి చిక్కింది తుప్పు పట్టని ఉక్కు. జల్‌పల్లి పొరుగునే ఉన్న బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ సంస్థ నేడు లోహాలను కాపాడే సోల్-జెల్, స్ప్రే పూతల మీద పరిశోధన చేస్తున్నది.

ఆచరణకొస్తే దుకాణాల్లో రంగురంగుల డబ్బాలకు కొదవ లేదు. వాటిలో చాలావరకు పలుచని నూనెలే. ఎండలో కాగే వాహనంలో అవి మరింత పలచబడి కిందికి జారిపోతాయి. సిలికాజెల్ మంచిదే, గాలి చొరని పెట్టెలో పెట్టినప్పుడు మాత్రమే. తలుపులు తెరిచి మూసే డిక్కీలో దాని బలం త్వరగా అయిపోతుంది. 120 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు వేడి చేస్తే మళ్లీ పనికొస్తుంది. చల్లబడిన తుపాకిని తడిగాలిలో తెరిచేముందు మూసిన పెట్టెలోనే బయటి వేడికి రానివ్వాలి. గమ్యం చేరాక స్పాంజి పెట్టెలోంచి, తోలు సంచిలోంచి తీసేయాలి. ముందు ఉప్పు కడగాలి, తర్వాత పూర్తిగా ఆరనివ్వాలి, నూనె ఆఖరున రాయాలి. ఈ వరుస తప్పితే ఏ డబ్బాలోని నూనె అయినా దండగే.