ఓడ ఉంది... దారే లేదు!

ఓడ చేతికొచ్చింది. నడిపే నావికులూ సిద్ధం. చేయాల్సిన పనేమో కొండంత. అయినా సొంత సముద్రానికి వెళ్లే దారే దొరకలేదు. ఉక్రెయిన్ నౌక 'చెర్కాసీ' కథ ఇది.

దాని పాత పేరు 'షోరమ్'. 2002లో బ్రిటన్ నౌకాదళంలో చేరింది. సముద్రంలో పొంచి ఉండే మైన్లను, అంటే నీటి మందుపాతరలను వెతికి పట్టుకోవడమే దాని పని. కొన్ని మైన్లు ఇనుము దగ్గరకొస్తే చాలు, పేలిపోతాయి. అందుకే 52 మీటర్ల ఈ ఓడను ఉక్కుతో కాకుండా గాజుపీచు కలిపిన ప్లాస్టిక్‌తో కట్టారు! ముందు సోనార్ శబ్ద తరంగాలతో అడుగున ఏముందో పసిగడుతుంది. అనుమానం వస్తే దూరంగానే ఆగి, 'సీఫాక్స్' అనే చిన్న యంత్రాన్ని నీళ్లలోకి వదులుతుంది. కెమెరాలో మైన్ కనిపిస్తే అక్కడే పేల్చేస్తుంది.

2022లో రష్యా దాడి మొదలయ్యాక నల్ల సముద్రంలో మైన్ల భయం పట్టుకుంది. కొన్ని కొట్టుకుపోయి టర్కీ తీరం దాకా వెళ్లాయి. ధాన్యం ఓడలకు దారి కావాలంటే వీటిని ఏరాల్సిందే. అందుకే షోరమ్‌తోపాటు 'గ్రిమ్స్‌బీ' అనే మరో ఓడనూ ఉక్రెయిన్‌కు ఇస్తున్నట్లు బ్రిటన్ 2023 డిసెంబరులో ప్రకటించింది.

నెల తిరక్కుండానే టర్కీ అడ్డు చెప్పింది. నల్ల సముద్రంలోకి వెళ్లాలంటే డార్డనెల్స్, బాస్ఫరస్ జలసంధులు దాటాలి. 1936 నాటి మాంట్రో ఒప్పందం ప్రకారం వాటి తాళం టర్కీ చేతిలో ఉంది. యుద్ధంలో ఉన్న దేశాల నౌకలు అటుగా వెళ్లకూడదు. సొంత స్థావరానికి తిరిగెళ్లే నౌకకే మినహాయింపు. ఇదేమో తొలిసారి అత్తారింటికి బయల్దేరిన ఓడాయె! పైగా బయటున్న రష్యా యుద్ధనౌకలు లోపలికి రాకుండా ఆపింది కూడా ఆ తాళమే. ఒకరికి తీస్తే రెండోవాళ్లు ఊరుకుంటారా? యుద్ధం సాగినంత కాలం అనుమతి లేదని టర్కీ 2024 జనవరిలో తేల్చిచెప్పింది.

ఈ పేరుకు మరో గాయం ఉంది. పాత 'చెర్కాసీ' కూడా మైన్లు ఏరే ఓడే. 2014 మార్చిలో క్రిమియాలోని డోనుజ్లావ్ వద్ద ఉంది. రష్యా పాత ఓడలను ముంచి నోటిదగ్గర దారి మూసేసింది. తప్పించుకోవాలని చూసినా కుదరక, చివరికి రష్యా చేతికి చిక్కింది.

ఆ చెర్కాసీ బయటికి రాలేకపోయింది. ఈ చెర్కాసీకి లోపలికి దారి లేకపోయింది.