అప్పీలు కదలనప్పుడు

పల్లె నుండి వచ్చి, బల్కంపేటలో బంధువుల ఇంట దిగి, సంచిలో కాగితాలతో హైకోర్టుకు బయలుదేరిన ఒక తల్లిని తలచుకొనండి. శిక్షపడిన కుమారుడు జైలులో ఉన్నాడు. "ఇంకా లిస్టుకు రాలేదమ్మా" అంటారు వకీలు గారు. మరుసటి ఏడు వచ్చినా అదే మాట. ఈ ఆలస్యం చిన్న సంగతి కాదు.

2007 డిసెంబరు 27న విజయవాడ సమీపాన ఇబ్రహీంపట్నంలోని హాస్టలులో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. నందిగామ ప్రాంతపు పేద యువకుడు సత్యంబాబును 2008 ఆగస్టులో అరెస్టు చేశారు. అతడు దోషి కాడని ఆ అమ్మాయి తలిదండ్రులే చెప్పారు. అయినను 2010 సెప్టెంబరు 29న విజయవాడ మహిళా కోర్టు అతనికి శిక్ష వేసింది. అప్పీలులో హైకోర్టు తీర్పు 2017 మార్చి 31న వచ్చింది. అతడు నిర్దోషి అని, లక్ష రూపాయలు పరిహారమివ్వాలని హైకోర్టు చెప్పింది. శిక్షపడిన ఆరున్నర ఏళ్ళకు, ఏప్రిల్ 2న, అతడు రాజమండ్రి జైలు నుండి బయటికి వచ్చాడు. ఆ ఏళ్ళను ఎవరు తిరిగి ఇవ్వగలరు? బిడ్డను పోగొట్టుకొన్న తలిదండ్రులకు మాత్రం న్యాయం దొరికిందా? 2018లో హైకోర్టు దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించింది.

అప్పీలు వేసినంత మాత్రాన విచారణ మొదలు కాదు. కింది కోర్టు రికార్డు రావాలి, కాగితాల పుస్తకం తయారు కావాలి, ఆ తరువాత వంతు రావాలి. మధ్యలో వకీలుతో తగాదా వస్తే మరికొన్ని వాయిదాలు. గనుక కుటుంబాలు ఈ సంగతులు తెలిసికొనుట మేలు.

సెషన్స్ కోర్టు శిక్షపై హైకోర్టుకు వెళ్ళే గడువు 60 రోజులు. మరణశిక్ష అయితే 30 రోజులే. గడువు దాటితే తగిన కారణం చూపి కోర్టును వేడుకోవచ్చు. జైలుశిక్ష పడినవారికి తీర్పు నకలు ఉచితం. ఖైదీ తన అప్పీలును జైలు అధికారి చేతికే ఇవ్వవచ్చు.

ఫీజు బాకీ ఉన్నదని వకీలు కేసు కాగితాలు బిగపట్టరాదని సుప్రీంకోర్టు 2000లో తీర్పు చెప్పింది. వకీలు రాలేదన్న ఒక్క కారణంతో అప్పీలును కొట్టివేయరాదని 1996లోనే చెప్పింది.

1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం జైలులో ఉన్నవారికి, ఆదాయం ఎంతైనా సరే, ఉచితంగా వకీలును అడిగే హక్కు ఉన్నది. యావజ్జీవ శిక్షపడి ఐదేళ్ళు గడిచినా అప్పీలు తేలనివారు బెయిలు కోరవచ్చునని హైదరాబాదు హైకోర్టు 2016లో చెప్పింది; కొన్ని ఘోర నేరాలకు మాత్రం ఇది వర్తించదు.

మీ ఊరిలో అటువంటి తల్లి ఉంటే ఆమెను తప్పించుకొని తిరగకండి. చదువు వచ్చిన ఒకరు ఆమె వెంట వెళ్ళండి. అప్పీలు నంబరు ఎంత, రికార్డు వచ్చిందా, బెయిలు కోరారా అని వకీలును మర్యాదగా అడిగి, జవాబును కాగితం మీద వ్రాసి ఆమె చేతికివ్వండి.