పరాయి జాడను పట్టించే రెండక్షరాలు

పసుపు పరిశోధన కేంద్రం నెలకొన్న నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి ప్రాంతంలో, పంట తవ్వే రోజుల్లో పార అంచు తగిలి వేలికి గాటు పడితే, మట్టిలోని బ్యాక్టీరియా ఆ గాటు గుండా లోపలికి చేరుతుంది; కొన్ని గంటల్లోనే ఆ చోటు ఎర్రబడి, వేడెక్కి, వాచి, సలపడం మొదలవుతుంది. ఆ సూక్ష్మజీవి అంతకుముందు ఎన్నడూ ఎదురుపడకపోయినా దేహం ఇంత త్వరగా మేలుకోవడానికి కారణం పుట్టుకతో వచ్చే సహజ రోగనిరోధక వ్యవస్థ. అది బ్యాక్టీరియా గోడలోని పదార్థాలతో పాటు దాని డీఎన్‌ఏను కూడా ఆనవాలు పడుతుంది.

మనిషి డీఎన్‌ఏ, బ్యాక్టీరియా డీఎన్‌ఏ ఒకే నాలుగు రసాయన అక్షరాలతో ఏర్పడినవే అయినా, సైటోసిన్ పక్కనే గ్వానిన్ వచ్చే ‘సీపీజీ’ అనే జంట దగ్గర రెండూ వేరవుతాయి. బ్యాక్టీరియాలో ఈ జంట విరివిగా ఉంటుంది. మనిషిలో లెక్కప్రకారం ఉండవలసినదానిలో సుమారు ఐదో వంతే మిగిలి, వాటిలోనూ 70 నుంచి 80 శాతం జంటల్లో సైటోసిన్‌పై మిథైల్ అనే చిన్న రసాయన ముద్ర ఉంటుంది. ఆ ముద్ర లేని సీపీజీయే పరాయి జాడ.

బీసీజీ బ్యాక్టీరియా నుంచి తీసిన డీఎన్‌ఏ ఎలుకల్లో కణితులను అణచగలదని 1984లో జపాన్‌లో టోకునాగా బృందం గమనించగా, ఆ ప్రేరకశక్తి ముద్ర లేని సీపీజీలోనే ఉందని 1995లో అమెరికాలో ఆర్థర్ క్రీగ్ బృందం చూపింది; దాన్ని పసిగట్టే ప్రోటీన్ టీఎల్‌ఆర్-9 అని 2000లో షిజువో అకిరా బృందం తేల్చింది.

మనిషిలో ముఖ్యంగా బీ కణాల్లోను, ప్లాస్మసైటాయిడ్ డెండ్రైటిక్ కణాలనే తెల్ల రక్తకణాల్లోను ఉండే ఈ గ్రాహకం, కణం పైపొర మీద కాక, కణం మింగిన వస్తువు చేరే ఎండోసోమ్ అనే ఆమ్లపు సంచిలో పనిచేస్తుంది. సొంత డీఎన్‌ఏ కేంద్రకంలో భద్రంగా ఉండి ఆ సంచిలోకి సాధారణంగా రాదు కనుక దేహం తనపై తాను దాడి చేసుకోదు. ఈ కట్టుబాటు తప్పి సొంత డీఎన్‌ఏ ప్రతిదేహాలతో కలిసి అక్కడికి చేరడం లూపస్ వ్యాధి ముదరడానికి ఒక కారణం. మింగిన బ్యాక్టీరియా సంచిలో చితికినప్పుడు బయటపడిన డీఎన్‌ఏ టీఎల్‌ఆర్-9కు అతుక్కోగానే, ఆ సంకేతం కేంద్రకానికి చేరి, వాపు కలిగించే సైటోకైన్లు, వైరస్‌లను ఎదిరించే ఇంటర్‌ఫెరాన్లు తయారయ్యేలా జన్యువులను మేల్కొలుపుతుంది.

ఈ జ్ఞానమే హైదరాబాద్‌కు చెందిన బయలాజికల్-ఇ సంస్థ తయారుచేసిన కోర్బెవాక్స్ టీకాలో అక్కరకొచ్చింది. కరోనా వైరస్ కొమ్ము ప్రోటీన్‌లోని ఒక ముక్క ఒంటరిగా దేహాన్ని గట్టిగా కదిలించలేదు కాబట్టి, దానికి అల్యూమినియం లవణంతో పాటు, 22 అక్షరాల కృత్రిమ డీఎన్‌ఏ అయిన సీపీజీ 1018ను జోడించారు. 2021 డిసెంబరు 28న అత్యవసర అనుమతి పొందిన ఆ టీకాను 2022 మార్చి 16 నుంచి 12–14 ఏళ్ల పిల్లలకు వేశారు. అందులో బ్యాక్టీరియా లేకపోయినా, ముద్ర లేని సీపీజీ అక్షరాలను చదివిన కణాలు శత్రువు వచ్చినట్టే సిద్ధమవుతాయి; పసుపు చేలో గాటు పడిన వేలిని కాచే కావలినే పిల్లల భుజంలో పాఠం నేర్పడానికి పిలవగలగడం ఈ పరిశోధనల ఫలం.