మా వాడు ఇంగ్లీషు గడగడా మాట్లాడతాడు, మరి పరీక్షలో ఎందుకు ఆగిపోయాడు?

ఈ వారం ఎపిసోడ్ పిల్లల ఇంగ్లీషు గ్రామర్ గురించి. డ్యూటీలో ఉండి వినలేకపోయినవాళ్ల కోసం, విన్నా రాసుకోవడానికి వీలుకానివాళ్ల కోసం ముఖ్యమైనదంతా ఇక్కడ పెడుతున్నాను. ఇంగ్లీషు వాక్యాలు కూడా తెలుగు అక్షరాల్లోనే రాశాను. పైకి చదవండి, చెవికి తేడా తెలుస్తుంది.

ముందు, ఈ ఎపిసోడ్‌కి కారణమైన ఫోన్ కాల్.

శ్రోత: అన్నా, మేం పిస్కాటవేల ఉంటం. మాది కరీంనగర్. మా బాబు మూడో గ్రేడ్ నడుమల వచ్చిండు, ఇప్పుడు ఐదు. ఇంగ్లీషు మాకంటే మంచిగ మాట్లాడ్తడు. అయినా స్కూల్ నుంచి ఉత్తరం వచ్చింది, ఈ యేడు గూడ ఈఎస్ఎల్ క్లాసులనే ఉంటడట. మొత్తం స్కోరు 4.1, రైటింగ్ల 3.4.

నేను: బాబు ఏమన్నాడమ్మా?

శ్రోత: రాత్రి పండుకునేటప్పుడు అడిగిండు, "అమ్మా, నేను ఫెయిల్ అయిన్నా?" అని. మా ఆయనకు కోపమొచ్చింది. ఈఎస్ఎల్ వద్దని సంతకం పెడ్తా అంటున్నరు. ఇంట్ల తెలుగు బంద్ చెయ్యాలె, అందరం ఇంగ్లీషే మాట్లాడాలె అంటున్నరు. ఏం చెయ్యమంటవ్ అన్నా?

నేను: అమ్మా, ఆ రెండూ ఇప్పుడే చెయ్యకండి. ముందు బాబుకి చెప్పండి, ఫెయిల్ కాలేదని. మిగతాది మెల్లగా మాట్లాడుకుందాం.

ఆ మెల్లగా మాట్లాడుకున్నదే ఇది.

అసలు ఇది ఏ పరీక్ష?

మన కాలంలో ఏడో తరగతికి కామన్ పరీక్ష ఉండేది. అది గట్టెక్కితేనే హైస్కూలు చదువు. న్యూజెర్సీలో అలాంటి గుమ్మం పరీక్ష లేదు. పిస్కాటవేలో మూడో గ్రేడ్ దాకా ప్రైమరీ స్కూలు, నాలుగూ ఐదూ ఇంటర్మీడియట్ స్కూలు, ఆరు నుంచి ఎనిమిది మిడిల్ స్కూలు. ఐదు దాటాక బడి మారుతుంది కాబట్టి ఆ ఏడాది వచ్చే పరీక్షలు మనకి పెద్దవిగా కనిపిస్తాయి.

అవి రెండు. ఒకటి రాష్ట్ర పరీక్ష, ఎన్‌జేఎస్ఎల్ఏ. మూడో గ్రేడ్ నుంచి ప్రతి వసంతకాలంలో అందరు పిల్లలూ రాస్తారు. ఇందులో స్కోరు తక్కువ వచ్చిందని ఆరో గ్రేడ్‌కి పంపకుండా ఆపరు. దేశానికి వచ్చి ఏడాది కూడా నిండని ఇంగ్లీషు లెర్నర్ పిల్లలకి ఇంగ్లీషు భాగం నుంచి ఒకసారి మినహాయింపు కూడా ఉంది.

రెండోది యాక్సెస్ పరీక్ష. ఇది ఇంగ్లీషు లెర్నర్లుగా గుర్తించిన పిల్లలకే. విస్కాన్సిన్ యూనివర్సిటీలో ఉన్న విడా అనే సంస్థ దీన్ని తయారుచేస్తుంది. స్కోరు 1.0 నుంచి 6.0 దాకా. న్యూజెర్సీలో ఈఎస్ఎల్ నుంచి బయటికి రావడానికి గీత చాలా ఏళ్లుగా 4.5. దాంతోపాటు టీచర్ల పరిశీలన కూడా చూస్తారు. మీ అబ్బాయి రాసే ఏడాదికి గీత ఎంతో ఈఎస్ఎల్ టీచర్‌ని అడిగి రాసుకోండి.

ఇప్పుడు మన శ్రోత అడిగిన ప్రశ్నకి జవాబు. ఈ పరీక్షలో నాలుగు భాగాలు. వినడానికి 15 శాతం, మాట్లాడటానికి 15, చదవడానికి 35, రాయడానికి 35. అంటే ఎంత గడగడా మాట్లాడినా, అంతా అర్థం చేసుకున్నా, ఆ రెండింటికీ కలిపి 30 శాతమే. మనం ఇంట్లో వినేది ఆ 30 శాతం. పేపర్ మీద పెట్టేది మనకి కనపడదు.

ఇంకో చిన్న విషయం. నాలుగో గ్రేడ్ నుంచి రైటింగ్ మామూలుగా కీబోర్డు మీద టైపు చెయ్యాలి. అక్షరాలు వెతుక్కునే పిల్లాడు ఆలోచనని మధ్యలోనే వదిలేస్తాడు.

గ్రామర్ ఎక్కడ అడుగుతారు?

సింగపూర్‌లో ఉన్న మన శ్రోతలకి పీఎస్ఎల్ఈ తెలుసు. ప్రైమరీ ఆరు చివర రాసేది. అక్కడ ఇంగ్లీషు రెండో పేపర్లో గ్రామర్‌కి విడిగా ప్రశ్నలుంటాయి. ఖాళీలు నింపడం, రెండు వాక్యాల్ని ఒకటిగా కలపడం లాంటివి. మనం ఏడో తరగతిలో రాసింది కూడా దాదాపు అదే.

యాక్సెస్‌లో అలా కాదు. గ్రామర్ అనే భాగమే ఉండదు. పిల్లాడు రాసిన పేరాలో వాక్యాలు ఎలా కుదిరాయి, మాటలు సరిగా పడ్డాయా, మొత్తం ఒక క్రమంలో నడిచిందా అని చూస్తారు. ఎన్‌జేఎస్ఎల్ఏలో కూడా వ్యాసం రాసినప్పుడు భాషా నియమాలకి మార్కులుంటాయి, కానీ పిల్లాడు తన సొంత వాక్యాల్లో వాటిని పాటించాడా అనే చూస్తారు.

నేను మా అమ్మాయికి రెన్ అండ్ మార్టిన్ పట్టుకుని యాక్టివ్ వాయిస్, పాసివ్ వాయిస్ రుద్దాను. ఖాళీలన్నీ సరిగ్గా నింపేది. పేరా రాయమంటే మళ్లీ అవే తప్పులు. రూల్ తెలియక కాదు. రాసేటప్పుడు బుర్రలో నడిచే వాక్యం వేరు. ఆ వాక్యం ఎక్కడినుంచి వస్తుందో చూద్దాం.

వెళ్లి, తిని, పడుకున్నాడు

"రవి ఇంటికి వెళ్లి, అన్నం తిని, పడుకున్నాడు." మూడు పనులు చెప్పాం. ఎప్పుడు జరిగిందో చెప్పేది చివరి మాట ఒక్కటే. "వెళ్లి, తిని, పడుకుంటాడు" అనండి, కథంతా రేపటికి మారిపోతుంది. 'వెళ్లి', 'తిని' మాత్రం కదలవు.

ఇంగ్లీషులో ఈ వెసులుబాటు లేదు. "రవి వెంట్ హోమ్, ఏట్ రైస్ అండ్ స్లెప్ట్." మూడు పనులూ విడివిడిగా కాలం మోయాలి. మన పిల్లలు రాసేది చూడండి: "రవి వెంట్ హోమ్, ఈట్ రైస్ అండ్ స్లీప్." ఒక్క పనికి కాలం పెట్టాడు, మిగతావాటిని వదిలేశాడు. ఇంగ్లీషు నేర్చుకునే ఏ దేశం పిల్లలైనా కొంత ఇలాగే రాస్తారు. మనవాళ్లకి తెలుగు వాక్యం నడక కూడా తోడవుతుంది.

పేరా మధ్యలో కాలం జారిపోకుండా చూసుకోవడం ఐదో గ్రేడ్‌లో నేర్పే ముఖ్యమైన గ్రామర్ అంశాల్లో ఒకటి. కాబట్టి మీకు టైమ్ లేక ఒక్కటే సరిచెయ్యగలిగితే దీన్నే పట్టుకోండి.

ఎలా? ముందు తెలుగులోనే విడగొట్టించండి. "వెళ్లాడు. తిన్నాడు. పడుకున్నాడు." తర్వాత ఒక్కొక్కటీ ఇంగ్లీషులోకి. రాసిన పేరాలో ప్రతి పని మాట కింద గీత గీయించి, ఒక్కొక్క గీత దగ్గరా "ఇది ఎప్పుడు?" అని తెలుగులో అడగండి. "నిన్న" అన్నాడంటే ఆ మాట నిన్నటిలా ఉందా అని వాడే చూసుకుంటాడు. మీకు ఇంగ్లీషు అంతగా రాకపోయినా ఈ ప్రశ్న అడగొచ్చు.

దీనివల్ల ఇంకో జబ్బు కూడా తగ్గుతుంది. మన పొడుగు వాక్యం అలవాటుతో పిల్లలు "అండ్... అండ్... అండ్" అని పేజీ అంతా ఒకే వాక్యం రాస్తారు. విడగొట్టడం వచ్చినవాడికి ఫుల్‌స్టాప్ ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

ఏ కుక్క?

తెలుగులో 'ఎ', 'ది' లేవు. "పార్కులో కుక్కని చూశాను" అంటే మనకి సరిపోతుంది. అందుకే "ఐ సా డాగ్ ఇన్ పార్క్" అని రాస్తారు. కానీ కథ చెప్పేటప్పుడు మనమూ ఆ తేడా పాటిస్తాం. "ఒక ఊళ్లో ఒక ముసలమ్మ ఉండేది. ఆ ముసలమ్మకి ఒక మేక ఉండేది. ఆ మేక..." మొదటిసారి 'ఒక', రెండోసారి 'ఆ'. ఇంగ్లీషులో మొదటిసారి 'ఎ', రెండోసారి 'ది'.

అడగాల్సిన ప్రశ్న "ఏ కుక్క?". చదివేవాడికి ఏ కుక్కో ఇంకా తెలియదంటే 'ఎ'. తెలిసిపోయిందంటే 'ది'. ఊరి పేరుకి, మనిషి పేరుకి సాధారణంగా ఏదీ అక్కర్లేదు. 'రైస్', 'వాటర్' లాంటి లెక్కపెట్టలేని వాటి ముందు 'ఎ' రాదు.

మాయమైన 'ఈజ్', మర్చిపోయిన 'ఎస్'

"మా నాన్న డ్రైవరు." తెలుగులో ఇది నిండు వాక్యం. క్రియ లేదు, ఎవరికీ లోటు అనిపించదు. అదే "మై ఫాదర్ డ్రైవర్" అంటే ఇంగ్లీషులో కుంటి వాక్యం. 'ఈజ్ ఎ' కావాలి.

'ఎస్' సంగతి. తెలుగులో నేను వస్తాను, నువ్వు వస్తావు, వాడు వస్తాడు, అది వస్తుంది, వాళ్లు వస్తారు. ఎవరు మారినా క్రియ మారుతుంది. ఇంత కష్టమైనది మూడేళ్లకే నేర్చుకున్న పిల్లాడికి ఇంగ్లీషు చెప్పేది ఒక్కటే: మామూలుగా జరిగే పనుల్లో 'హి, షి, ఇట్' దగ్గర 'ఎస్' పెట్టు అని. "హి కమ్స్." అలా పోల్చి చెప్పండి, వాడికి నవ్వొస్తుంది, గుర్తుంటుంది.

ఒక్క 'కి', నాలుగు దారులు

స్కూల్‌కి వెళ్లాను అంటే 'టు స్కూల్'. ఎనిమిదింటికి అంటే 'ఎట్ ఎయిట్'. అమ్మకి కొన్నాను అంటే 'ఫర్ మామ్'. ఇంటికి వెళ్లాను అంటే ఏమీ ఉండదు, 'వెంట్ హోమ్'. దీనికి రూల్ వెతక్కండి. అలవాటుతోనే వస్తుంది. పుస్తకం పైకి చదివించడమే మందు. పిస్కాటవేలో కెన్నెడీ, వెస్టర్‌గార్డ్ అని రెండు పబ్లిక్ లైబ్రరీలున్నాయి. పుస్తకాలు కొనక్కర్లేదు, కార్డు తీసుకోండి.

మనం నేర్పే తప్పులు

ఇంట్లో అందరం ఇంగ్లీషే మాట్లాడదాం అనుకునేవాళ్లు ఒకసారి మన ఇంగ్లీషు వినుకోవాలి. "ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్." "డిడ్ యూ వెంట్?" "వాట్ యూ ఆర్ డూయింగ్?" "ఐ హావ్ సీన్ ఇట్ ఎస్టర్‌డే." ఆఫీసులో, షాపులో వీటితో పని జరిగిపోతుంది, సిగ్గుపడక్కర్లేదు. కానీ పిల్లాడు బడిలో నేర్చుకునేది ఒకటి, ఇంట్లో వినేది ఇంకోటి అయితే వాడికే ఇబ్బంది. మనకి బాగా వచ్చిన భాషలో నిండుగా, వివరంగా మాట్లాడితే వాడికి చెప్పడానికి విషయం ఉంటుంది. కారణం చెప్పడం, వరస పెట్టడం, పోల్చడం తెలుగులో వచ్చినవాడు వాటిని ఇంగ్లీషులోకి తెచ్చుకుంటాడు. తెలుగు బంద్ చేస్తే ఆ ఇంట్లో మాటే తగ్గిపోతుంది.

రోజూ పదిహేను నిమిషాలు

మొదటి ఐదు నిమిషాలు: ఇవాళ జరిగిన ఒక్క సంగతి తెలుగులో చెప్పించండి. తర్వాత ఏడెనిమిది నిమిషాలు: అదే సంగతి ఇంగ్లీషులో ఐదారు వాక్యాలు, వీలైతే టైపు చేయించండి. మిగతా టైమ్: ఒక్క తప్పు మాత్రమే వెతకండి. మొదటి రెండు వారాలు "ఎప్పుడు?", తర్వాత రెండు వారాలు "ఏది?", ఆ తర్వాత 'ఈజ్', 'ఎస్'. పేజీ అంతా ఎర్ర గీతలు పెడితే మర్నాడు రాయడు.

గల్ఫ్‌లో ఉండి పిల్లల్ని ఊళ్లో వదిలి వచ్చిన అన్నలు వాట్సాప్ కాల్‌లో కూడా ఇది చెయ్యొచ్చు. వాడు చదువుతాడు, మీరు అడగండి: "ఎప్పుడురా? ఏ కుక్కరా?"

సంతకం పెట్టే ముందు

ఈఎస్ఎల్ వద్దనే హక్కు తల్లిదండ్రులకి ఉంది. కానీ వద్దన్నా, స్కోరు గీత దాటేదాకా ఏటా యాక్సెస్ పరీక్ష తప్పదు. అంటే సాయం పోతుంది, పరీక్ష ఉంటుంది. ఆ సాయం ఊరికే వచ్చింది కూడా కాదు. భాష రాని పిల్లల్ని క్లాసులో ఊరికే కూర్చోబెడితే అది చదువు చెప్పినట్టు కాదని 1974లో లావ్ వర్సెస్ నికోల్స్ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. శాన్ ఫ్రాన్సిస్కోలోని చైనా కుటుంబాలు వేసిన కేసు అది.

స్కూల్లో మీటింగ్ పెట్టమని అడగండి. ముఖ్యమైన విషయాలు మీకు అర్థమయ్యే భాషలో చెప్పాలని కోరే హక్కు మీకుంది. తెలుగు అనువాదం కావాలని ముందే చెప్పండి. అక్కడ మూడు ప్రశ్నలు వెయ్యండి: నాలుగు భాగాల్లో విడివిడిగా స్కోరు ఎంత? వాడు రాసిన పేజీ ఒకటి చూపిస్తారా? ఇంట్లో ముందు ఏది సరిచెయ్యాలి?

మన శ్రోత మళ్లీ ఫోన్ చేసింది. వాళ్లాయన ఇంకా సంతకం పెట్టలేదట, ముందు టీచర్‌ని కలుస్తానన్నారట. బాబు ఐదు వాక్యాలు రాసి గీతలు గీసి చూపించాడట. నాలుగు నిన్నటివి, ఒకటి ఇవాళ్టిది. ఆమె "ఇదెప్పుడు రా?" అని అడిగితే, ఏమీ చెప్పకముందే రబ్బరు తీసుకున్నాడట.

మీ పిల్లలు పదే పదే రాసే తప్పు ఒకటి వాయిస్ మెసేజ్‌గా పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో వాటినే తీసుకుందాం. ఉంటానండీ.