వాచీ అంకె చూసి మురిసిపోకండి... నాడి పట్టి చూసుకోండి!

నల్లగండ్ల: తెల్లవారగానే నల్లగండ్ల చెరువు వైపు నడకకు బయలుదేరేవారిలో చాలామంది మణికట్టుకు ఇప్పుడు స్మార్ట్‌వాచీ కనిపిస్తోంది. వేసిన అడుగులతో పాటు 'హార్ట్‌ రేట్‌ వేరియబిలిటీ' అంటూ గుండె చప్పుళ్ల నడుమ వ్యవధి హెచ్చుతగ్గులనూ అది లెక్కగడుతుంది. ఆ అంకె ఎక్కువుంటే గుండె భేషుగ్గా ఉన్నట్టేనా? అన్ని వేళలా కాదు.

ఆరోగ్యవంతుని గుండె కూడా గడియారంలా ఒకే తీరున కొట్టుకోదు. ఊపిరి పీలిస్తే వేగం కాస్త పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. వేగస్‌ నాడి కళ్లెం బిగిస్తే, సింపథెటిక్‌ నాడులు అదిలిస్తాయి. ఈ పొందికకే ఆ అంకె గుర్తు.

'ఏట్రియల్‌ ఫిబ్రిలేషన్‌' వస్తే ఈ లెక్క చెల్లదు. గుండె పై గదుల్లో నిమిషానికి 350 నుంచి 600 దాకా విద్యుత్‌ ప్రేరణలు చెలరేగుతాయి. కొన్నే కింది గదులకు దిగుతాయి, అదీ వరుస లేకుండా. దాంతో అంకె పెరుగుతుంది. అది నాడుల చలవ కాదు, లయ తప్పడమే.

కొందరికిది నిద్రలోనో, భోజనం తర్వాతో వస్తుంది. మరికొందరికి శ్రమపడినప్పుడు వస్తుంది. ఏ బాధా తెలియనివారూ ఉంటారు. పై గదిలో నిలిచిన రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతమే. ఈ ముప్పు సుమారు అయిదు రెట్లని అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌ అధ్యయనం 1991లో తేల్చింది.

మణికట్టుపై వేళ్లుంచి నిమిషం పాటు నాడి చూసుకోండి. తీరూ తెన్నూ లేకుంటే ఈసీజీ తీయించుకోండి. వచ్చిపోయే రకమైతే 24 గంటల హోల్టర్‌ పరీక్ష అవసరం కావచ్చు. గడ్డలు కట్టకుండా మందులు ఎవరికి అవసరమో వైద్యులే తేల్చాలి. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా క్షణం ఆగకుండా 108కి ఫోన్‌ చేయండి.